మూసీ పుట్టినింట నొక దినము

పాతనగరమందలి మాదన్నపేటలో కాపురముండు మావంటివారికి కొండ యనఁగా నెవరో చూచివచ్చి చెప్పెడి ముచ్చట. ఏఱనఁగా ముక్కు మూసికొని దాఁటవలసిన వంతెన. ఇరుకుసందులు, మేడలమీఁద మేడలు, తెల్లవాఱకముందే కూరగాయల మండిలో మొదలగు బేరముల సందడి, ఇదియే మా పిల్ల లెఱిఁగిన లోకము. గోలకొండ కడపటి ప్రభువగు అబుల్‌హసన్ తానీషాకు మంత్రియై, 1686వ సంవత్సరమున సోదరుఁడగు అక్కన్నతోఁగూడ హత్యకు గుఱియైన మాదన్న పేర నీ పేట వెలసినది. భద్రాచల రామదాసున కీ సోదరులు మేనమామలని పెద్దలు చెప్పుదురు. ఇంతటి చరిత్రగల పేటకు కొలఁది దూరముననే మూసీనది పాఱుచున్నను, “ఏటి కడకు పోయివత్తము” అను మాట మా యిండ్లలో వినఁబడదు.

ఆషాఢమాసమున నొకనాఁడు మా పెద్దపిల్ల, పండ్రెండేండ్ల బాలిక, బడిపాఠము చదువుచుఁ దలయెత్తి, “మూసీ కొండలలో పుట్టునఁట! చాదర్‌ఘాట్ వంతెన క్రింది మూసియేనా? అక్కడఁ గూడ నీళ్లు నల్లగానే యుండునా?” అని యడిగెను. ఆఱేండ్ల చిన్నవాఁడు, “అక్కడ చేపలుండునా?” అనెను. మా యత్తగారు నవ్వి, “మూసీని చూచుటకు దూరదేశము పోవలెనా? వంతెనపై నిలిచినఁ జాలదా?” అనిరి. కాని పిల్లల ప్రశ్నకు పుస్తకములో జవాబు చూపుటకంటె కాలినడకఁ జూపుట మేలని మాకుఁ దోఁచినది. కొత్తకోడండ్రు పుట్టినింటికిఁ బోవు కాలము గదా ఆషాఢము! మూసమ్మ పుట్టినిల్లును జూచివత్తమని, పాతనగరపు బోనములకు ముందు వచ్చిన యొక సెలవుదినమున అనంతగిరికిఁ బ్రయాణము నిశ్చయించితిమి.

విహారమనఁగా వంటయింటిని కొండమీఁదికి మోసికొనిపోవుట కారాదని మొదటనే యనుకొంటిమి. ముందునాఁటి రాత్రి తపాలచెక్కలు, వేకువను పులిహోర, పెరుగన్నము, ఇంతే వంట. నీళ్లు, చాపలు, సద్దిమూటలు మగవారు మోయవలెను. ఎవరి పళ్లెము వారే కడుగుకొనవలెను. పిల్లలు తమ నీళ్లసీసా తామే పట్టుకొనవలెను. ఈ కట్టుబాటువలన నాఁడు మాకుఁ గూడ సెలవు దొరకినది. రెండు వెదురుకఱ్ఱలు, నైలాను దారము, చిన్న గాలములు, బెండుముక్కలు, గోధుమపిండి ముద్ద ఒక సంచిలో సిద్ధమయ్యెను. “దేవుని దర్శనము కానిదే గాలము ముట్టరాదు” అని యత్తగారి యాజ్ఞ.

అద్దెబండిలో తెల్లవాఱుజామున బయలుదేఱితిమి. మా పేటనుండి అనంతగిరి సుమారు 80 కిలోమీటర్ల దూరము. లంగర్‌హౌజు సమీపమున మూసీయు, దాని చెల్లెలగు ఈసీయుఁ గలియు తావున బాపూఘాటు కలదు. 1948లో మహాత్ముని చితాభస్మము నిచ్చటి నీటఁ గలిపిరి. అచ్చటినుండి మొయినాబాదు దారిఁ బోవునపుడు కుడివైపున మూసీపైఁ గట్టిన ఉస్మాన్‌సాగరు, ఎడమవైపున ఈసీపైఁ గట్టిన హిమాయత్‌సాగరు నుండును. మన పెద్దలు గండిపేట నీళ్లని చెప్పుకొన్న నీళ్లీ ఉస్మాన్‌సాగరువే.

ఈ చెఱువుల కథ మా యత్తగారే పిల్లలకుఁ జెప్పిరి. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి నగరమును ముంచివేసెను. దానినే పాతనగరమువారు ‘తుగియానీ’ యందురు. వేలకొలఁది జనులు ప్రాణములు గోలుపోయిరి. నేఁటి ఉస్మానియా ఆసుపత్రి యావరణమందలి చింతచెట్టు నూటయేఁబదిమందిని తన కొమ్మలపై నిలిపి కాపాడెనని ప్రసిద్ధి. నాఁటి నిజాము మహబూబ్ అలీఖాన్ ఏటికి పట్టుచీరయుఁ బసుపుకుంకుమలును సమర్పించి శాంతింపుమని వేఁడెనని గూడ ముదుసళ్లు చెప్పుకొందురు. తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించి వారి సలహాపై నీ రెండు జలాశయములను గట్టించిరి. ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను ముగిసినవి. వరదను ఆఁపుటయు, నగరమునకుఁ ద్రాగునీ రిచ్చుటయు వీని రెండు పనులు. “అటులైన మనము మూసీనీళ్లు త్రాగి పెరిగినవారమే గదా?” అని పెద్దపిల్ల యనఁగా బండిలో కొంతసేపు మాట వినఁబడలేదు.

చేవెళ్ల దారికిరువైపులఁ గల మఱ్ఱిచెట్లు ఆకాశమును గప్పివేసినట్లుండెను. ఈ మార్గమున సుమారు 900 మఱ్ఱు లుండెడివని లెక్కించిరి. రహదారి వెడల్పునకై వీనిని నఱకుట తగదని వృక్షప్రేమికులు హరితన్యాయస్థానము నాశ్రయించిరి. మన్నెగూడ దాఁటి, 2016నుండి జిల్లాకేంద్రమైన వికారాబాదు చేరి, కొండ నెక్కితిమి. ఊరు వెనుకఁబడఁగానే గాలి మాఱెను. ఈ గాలి గుణమెఱిఁగియే కాఁబోలు, క్షయరోగుల చికిత్సాలయము నీ కొండపై నెలకొల్పిరి.

అనంతపద్మనాభస్వామి దర్శనము చేసికొని, మెట్లుదిగి భవనాశిని యను పుష్కరిణిని జూచితిమి. ముచుకుందమహారాజు గుహలో నిద్రించుచుండఁగాఁ గాలయవనుఁడు లేపి భస్మమయ్యెననియు, పిదప దర్శనమిచ్చిన శ్రీకృష్ణుని పాదములను రాజు కడిగిన నీరే నదియై పాఱెననియు స్థలపురాణము. అందుచేతనే మూసీకి ముచుకుందానది యని పూర్వనామము.

అచ్చటినుండి అడవిలో కాలినడక. వానకుఁ దడిసిన కాలిబాట యెఱ్ఱగా మెఱయుచుండెను. టేకుచెట్లు, మోదుగులు, సీతాఫలపు పొదలు, ఎచ్చటనో నెమలికూఁత. మట్టిమీఁద మొకమలు ముక్కలవలె ఆరుద్రపురుగులు ప్రాఁకుచుండఁగాఁ జిన్నవాఁడు అడుగు ముందుకు వేయఁడయ్యెను. ఒకటి యరచేత నెక్కించుకొని చూచి, మరల మట్టిలో విడిచెను. పిల్లలతోడి నడక గడియారపు నడక కాదు. వారు నిలిచిన చోటనెల్ల నిలుచుటయే యందలి సుఖము.

ఈ కొండ పైభాగమంతయు జల్లెడవంటి యెఱ్ఱరాయి. దీనిని చిన్న రంధ్రములు నిండియున్న ఇటుకతోఁ బోల్చవచ్చును. వాననీరు దీనిలో నింకి, లోపలనే నిలిచి, దిగువను ఊటలై మెల్లగాఁ బైకి వచ్చును. చెట్లు మట్టిని బట్టియుంచును. మట్టి నీటిని బట్టియుంచును. అడవి పోయినచో వాన యొక్కనాఁడే పాఱిపోవును. ఇంకొక వింత గూడఁ గలదు. ఈ కొండలకుఁ దూర్పువైపునఁ బడిన చినుకు మూసీలోఁ జేరును. పడమటివైపునఁ బడినది కాగ్నా యను నదిలోఁ జేరి తాండూరుమీఁదుగా భీమానదికిఁ బోవును. భీమ కృష్ణలోఁ గలియును. మూసీ దాదాపు 240 కిలోమీటర్లు నడచి నల్లగొండజిల్లా వాడపల్లి యొద్ద నదే కృష్ణలోఁ గలియును. అనఁగా నొకే కొండపై విడిపోయిన రెండు చినుకులు అన్ని దేశములు తిరిగి కృష్ణలో మరలఁ గలిసికొనును! ఈ మాట విని పిల్లలు తూర్పున నొక దోసిలి, పడమట నొక దోసిలి నీళ్లు చల్లిరి.

లోయలో రాళ్లనడుమ నొక సన్నని ధార పాఱుచుండెను. అడుగున నిసుకరేణువులు లెక్కింపవచ్చును. “ఇదియే మూసీ” అనఁగాఁ జిన్నవాఁడు నమ్మక, వంగి వాసనచూచెను! మేమందఱము నవ్వితిమి గాని మా యత్తగారు నవ్వలేదు. చీరకుచ్చెళ్లు పైకెత్తి, రాతిపైఁ గూర్చుండి, పాదములు నీటనుంచి, చాలసేపు మాటాడలేదు. తుదకు, “పుట్టినింట నిట్టి పిల్లను మనయింటికిఁ దెచ్చుకొని యెట్లు చేసితిమమ్మా!” అనిరి. నగరపు మురుగునీరును, కర్మాగారముల విషజలమును గలిసి ఈ నదిని నల్లఁబఱచినవని పత్రికలలో నెన్నిమాఱులో చదివియుంటిమి. ఆ చదువంతయు నీ యొక్క మాటకు సరిగాలేదు.

భోజనములైన పిదప కొండ దిగి, యొక పల్లెచెఱువు గట్టుఁ జేరితిమి. ఊరిచెఱువులలో చేపలు సాధారణముగా నచ్చటి మత్స్యకారుల సహకారసంఘమునకుఁ జెందును. అనుమతి లేక గాలము వేయుట తగదు. గట్టుపై వల బాగుచేసికొనుచున్న యొక ముదుసలి నడుగఁగా, “పిల్లల ముచ్చటకు ఎంత పడ్తరు బిడ్డా, కూసోండ్రి” అని నవ్వి, తడిమట్టి త్రవ్వి వానపాములు గూడఁ దీసియిచ్చెను.

గాలము పట్టుట చేయితిప్పుట కాదు, ఊరకుండుట. బెండుపైఁ జూపు నిలిపి, మాటాడక, నీడను నీటఁ బడనీక కూర్చుండవలెను. ఇంట నొక్క నిమిషము నిలువని చిన్నవాఁడు అరగంట కదలలేదు! అతని యెరను చేపలు నాలుగుమాఱులు తినిపోయినవి. పెద్దపిల్లకు మూఁడు చిన్న పరకలు పడినవి. పిమ్మట నొక జెల్ల పడఁగా ముదుసలి పరుగున వచ్చి, దాని ప్రక్కముండ్లు గ్రుచ్చుకొన్నచో మిక్కిలి నొప్పియని చెప్పి, తానే గాలము విడిపించెను.

ఇంతలో తుంగదుబ్బులయొద్ద నీటిపై నొక యెఱ్ఱనిమచ్చ కదలుట చూచి పెద్దపిల్ల గాలము నటు విసరఁబోయెను. ముదుసలి చేయి పట్టుకొని, “గటు ఎయ్యకు బిడ్డా. గవి కొర్రమట్ట పిల్లలు. కింద తల్లీతండ్రీ కావలి కాస్తున్నయి. గిప్పుడు వాటిని పడితే గా పిల్లలన్నీ ఆగమైతయి” అనెను. మేమందఱము వంగి చూచితిమి. వేలెడైన లేని యెఱ్ఱని పిల్లలు వందలు గుంపుగూడి, మాటిమాటికిఁ బైకి వచ్చి గాలి పీల్చుచుండెను. వాని క్రింద నల్లని పెద్దచేప నీడవలె నిలిచియుండెను. కొఱ్ఱమీనులు గూడు కట్టి గ్రుడ్లుపెట్టి, పిల్లలు తమంతఁ దాము బ్రదుక నేర్చువఱకుఁ గాపాడును. మృగశిరకార్తెనాఁడు నగరమున ఉబ్బసపు రోగులచేత మందుముద్దతో మ్రింగించునది దీని పిల్లనే. తెలంగాణరాష్ట్రపు చేపగా నెన్నుకొన్నదియు దీనినే. ఇంతకాలము మండిలో దీని ధర యెఱుఁగుదుము గాని సంసార మెఱుఁగము. పెద్దపిల్ల గాలము చుట్టివేసి, తన పరకలను గూడ నీట విడిచివచ్చెను. ఎవరును విడువుమని చెప్పలేదు.

ముదుసలియొద్ద వలలోఁ బడిన బొచ్చెచేప నొకదానిని వెలయిచ్చి కొని, చీఁకటిపడకముందే మరలితిమి. ఆ రాత్రి పులుసు విధ మడుగు సోదరీమణులకొఱకు రెండు మాటలు: ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి కడుగవలెను. ఉల్లి, అల్లము, వెల్లుల్లి నూనెలో వేగిన పిదప కారము, ధనియాలపొడి చేర్చి చింతపండురసము పోసి, తెర్లునపుడు ముక్కలు విడువవలెను. గరిఁటె పెట్టరాదు; గిన్నెనే త్రిప్పవలెను. దింపునపుడు మెంతి, జీలకఱ్ఱపొడి, కొత్తిమీర. మఱునాఁడు రుచి హెచ్చు.

ఇట్టి ప్రయాణముఁ జేయఁదలఁచువారు కొన్ని జాగ్రత్తలు గమనింతురు గాక. వానకాలపు టడవిలో చెప్పులు చాలవు, వ్రేళ్లు మూయు బూట్లు కావలెను. చెఱువులయందును, జలాశయములయందును పిల్లలను నీట దింపరాదు. పైకి నిలుకడగాఁ గనఁబడు నీటిలో ఈఁతకు దిగి ప్రాణములు గోలుపోయినవారు పెక్కురు. గట్టుపై నొక పెద్దమనిషి గాలమును గాక పిల్లలనే చూచుచుండవలెను. తెచ్చిన కాగితము, ప్లాస్టిక్కు తిరిగి యింటికే తేవలెను. బాలికకును బాలునికిని గాలము సమముగా నీయవలెను.

పిల్లలకు నదిని నగరపు వంతెనమీఁదనే చూపి, ఇది మురికి యని చెప్పినచో, మురికియే దాని స్వభావమని వారు నమ్ముదురు. పుట్టుక చూచినవారికి మాత్రమే, ఇది దానికి మధ్య వచ్చిన జబ్బని తెలియును. జబ్బునకు మందుండునని గూడఁ దోఁచును. పిమ్మట వచ్చిన వినాయకచవితికి మా యత్తగారు పూజాపత్రిని ఏటికిఁ బంపనీయలేదు. మేడమీఁది పూలకుండ్లలోఁ గప్పించి, “అల్లుఁడు బాగుగాఁ జూచుకొనకున్నను, మనమైనను ఆ పిల్లను నొప్పింపరాదు” అనిరి. ఆ కుండ్లలో నిప్పుడు బంతిమొక్కలు మొగ్గతొడిగియున్నవి.