కూల్చిన చేతులే కాపాడాయి!

నూలుమిల్లు మూతపడింది. దాని పొగగొట్టం మాత్రం ఆకాశాన్నంటుతూ మిగిలిపోయింది. దాన్ని కూల్చాలి. డైనమైట్ పెడితే క్షణాల్లో పనైపోతుంది. కానీ, ఫ్రెడ్ డిబ్నా దాని జోలికి వెళ్లేవాడు కాదు. గొట్టం ఏ వైపు పడాలో ఆ వైపు మొదట్లో ఒక్కో ఇటుకా ఊడదీసేవాడు. తీసిన చోటల్లా ఓ కర్రదుంగను ఊతంగా నిలబెట్టేవాడు. చివరికి వందల టన్నుల బరువు ఆ దుంగల మీదే ఆగేది. అప్పుడు వాటి చుట్టూ పాత టైర్లూ కలపముక్కలూ పేర్చి నిప్పంటించేవాడు. దుంగలు కాలి బూడిదవగానే గొట్టం అనుకున్న వైపే ఒరిగిపోయేది. ఫ్రెడ్ హారన్ మోగిస్తూ దూరంగా పరుగెత్తి, దుమ్ములోంచి నవ్వుతూ జనాన్ని అడిగేవాడు... ‘ఎలా ఉంది, నచ్చిందా?’ అని.

చిత్రమేమిటంటే, ఆ పొగగొట్టాలంటే అతనికి ప్రాణం. వాటిని నిలబెట్టడం కోసమే ఆ వృత్తిలోకి వచ్చాడు. నిలబెట్టే పని దొరక్కపోవడంతో కూల్చే పని చేయాల్సి వచ్చింది.

పొగగొట్టాల ఊరు

ఫ్రెడ్ 1938లో ఇంగ్లండ్‌లోని బోల్టన్‌లో పుట్టాడు. లాంకషైర్ ప్రాంతంలోని ఆ ఊరు నూలుకు పెట్టింది పేరు. ఒకేసారి ఎన్నో దారాలు వడికే ‘మ్యూల్’ యంత్రాన్ని శామ్యూల్ క్రాంప్టన్ 1779లో తయారుచేసింది అక్కడే. విక్టోరియా రాణి కాలానికి ఊరంతా మిల్లులే. ప్రతి మిల్లుకూ ఓ ఆవిరియంత్రం, దానికో బాయిలర్, బాయిలర్‌కో పొగగొట్టం. అంత ఎత్తెందుకంటే, వేడిగాలి గొట్టంలోంచి పైకి లేస్తున్నకొద్దీ కింద కొలిమిలోకి కొత్తగాలి దూసుకొస్తుంది. గొట్టం ఎంత పొడవుంటే నిప్పు అంత బాగా రాజుకుంటుంది.

ఆ మిల్లులతో మనకూ ఓ పాత లెక్క ఉంది. అక్కడి బట్ట మన సంతల దాకా వచ్చి చేనేతల పొట్ట కొట్టింది. ఆ సీమగుడ్డలనే మనవాళ్లు వీధుల్లో కుప్పపోసి తగలబెట్టారు. 1931లో లండన్ వెళ్లిన గాంధీజీ లాంకషైర్‌కూ వెళ్లి, పని పోయిన మిల్లు కార్మికులతో మాట్లాడారు. అక్కడి కూలీల బతుకులూ అంతంతమాత్రమేనని ఆయనకు తెలుసు.

ఫ్రెడ్ కూడా కూలీల బిడ్డే. అతను ముచ్చటపడింది మిల్లు యజమానుల లాభాలను చూసి కాదు. ఇటుక మీద ఇటుక పేర్చి అంతెత్తు కట్టిన మేస్త్రీల పనితనాన్ని చూసి.

నిచ్చెన మీద బతుకు

మొదట వడ్రంగం నేర్చుకున్నాడు. మనసంతా పొగగొట్టాల మీదే. పదిహేడేళ్ల వయసులో పది షిల్లింగుల పందెం కోసం ఓ గొట్టం ఎక్కేశాడు. ఆ తర్వాత అదే వృత్తయింది. పొగగొట్టాలూ చర్చి గోపురాలూ ఎక్కి మరమ్మతులు చేసేవాళ్లను అక్కడ ‘స్టీపుల్‌జాక్’ అంటారు. గోడకు ఇనుప కొక్కేలు దిగ్గొట్టి, ఒక నిచ్చెన పైన మరో నిచ్చెన కట్టుకుంటూ పోవడమే. పైకి చేరాక ఊడిన ఇటుకల సందుల్లో సున్నం కూరాలి, పిడుగు వాహకాలు సరిచేయాలి.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మూసేసిన మిల్లు గొట్టానికి ఎవరు సున్నం పెట్టిస్తారు? మరమ్మతు పనులు తగ్గాయి. కూల్చే పనులు పెరిగాయి. ఇల్లు గడవాలి కాబట్టి ఫ్రెడ్ ఒప్పుకునేవాడు.

1978లో బోల్టన్ టౌన్‌హాల్ గడియారం గోపురానికి మరమ్మతు చేస్తుండగా బీబీసీ వాళ్ల కంట్లో పడ్డాడు. 1979లో డాన్ హావర్త్ అతనిమీద తీసిన డాక్యుమెంటరీకి బాఫ్టా పురస్కారం వచ్చింది. నెత్తిన టోపీ, ఒంటినిండా మసి, పల్లె యాస... దేశమంతా అతనికి అభిమానులైపోయారు.

పెరట్లో ఫ్యాక్టరీ

ఫ్రెడ్ పెరడు చిన్నసైజు కార్ఖానాలా ఉండేది. ఓ ఆవిరియంత్రం తిరుగుతుంటే, దానికి తగిలించిన తోలు బెల్టులతో మిగతా పనిముట్లన్నీ నడిచేవి. 1910లో తయారైన ఓ ఆవిరి రోడ్డురోలర్‌ను కొని, తుప్పు వదిలించి, రివెట్లు కొట్టి మళ్లీ కదిలించడానికి పద్నాలుగేళ్లు పట్టింది. 1912 నాటి మరో ఇంజిన్‌కైతే ఇరవై ఏడేళ్లు!

ఆ పిచ్చికి మూల్యమూ చెల్లించాడు. సంపాదనంతా ఇనుముకే పోయేది. మొదటి రెండు పెళ్లిళ్లూ నిలవలేదు. పాతవస్తువుల మీద మోజు ఎంత అందంగా కనిపించినా, దాని భారం ఇంట్లోవాళ్ల మీదా పడుతుందని అతని కథే చెబుతుంది.

1999 నుంచి బీబీసీ కోసం వరుసగా కార్యక్రమాలు చేశాడు. రైలుమార్గాలూ వంతెనలూ ఇనుప ఓడలూ కట్టిన బ్రునెల్ అతని ఆరాధ్యదైవం. అలాంటి మహామహుల ఘనతనూ, యంత్రాల మర్మాన్నీ చదువురానివారికి కూడా అర్థమయ్యేలా విడమరిచాడు. 2004లో బ్రిటన్ ప్రభుత్వం ఎంబీఈ గౌరవం ఇచ్చింది. దాన్ని అందుకోవడానికి రాజప్రాసాదం ఉన్న లండన్‌కు తన ఇరవై ఏడేళ్ల కష్టాన్నీ వెంటపెట్టుకెళ్లాడు. అప్పటికే క్యాన్సర్ ముదిరింది. చికిత్స చేయించుకుంటూనే, అదే ఇంజిన్‌తో చివరి కార్యక్రమం చిత్రీకరణలో పాల్గొన్నాడు. 2004 నవంబరు 6న, 66 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

ఏం మిగిలింది?

2008లో బోల్టన్ నడిబొడ్డున అతని కంచు విగ్రహం పెట్టారు. ఇల్లూ పెరడూ కొన్నాళ్లు ప్రదర్శనశాలగా నడిచాయి. తర్వాత మూతపడ్డాయి. 2018లో అతని సరంజామా వేలానికి వెళ్లింది. జీవితమంతా పాతవాటిని కాపాడినవాడి వస్తువులే చెల్లాచెదురయ్యాయి. అభిమానం ఉంటే సరిపోదు. రోజూ నూనె పోసేవాళ్లు ఉండాలి, ఖర్చు భరించేవాళ్లు ఉండాలి, అన్నిటికంటే ముందు ఆ పని తెలిసినవాళ్లు ఉండాలి. వాళ్లు లేకపోతే పాత యంత్రం కొన్నాళ్లు వింతవస్తువుగా ఉంటుంది, ఆ తర్వాత తుక్కుగా మారుతుంది.

ఆ సంగతి ఫ్రెడ్‌కు తెలుసు. అందుకే తను నేర్చుకున్నది దాచుకోలేదు. అతని అంత్యక్రియల రోజున వేలమంది బోల్టన్ వీధుల్లో నిలబడ్డారు. శవపేటిక మీద అతని టోపీ ఉంది. దాన్ని ముందుండి లాగింది అతను బాగుచేసిన ఆవిరి ఇంజినే. దాన్ని నడిపింది అతని కొడుకు.