మూషికశబ్దం

పాఠాలు చెప్పిన రోజుల్లో మూషికశబ్దం వచ్చినప్పుడల్లా పిల్లలకు వ్యుత్పత్తి చెప్పేవాణ్ణి. 'ముష్' ధాతువుకు దొంగిలించడమని అర్థం. అన్నాదులను అపహరించేది గనుక మూషికం. పిల్లలు నవ్వేవారు, నేనూ నవ్వేవాణ్ణి. మొన్న మా బావగారి మూలంగా ఆ పదం మళ్ళీ ఎదురైంది. ఈసారి నవ్వు రాలేదు.

బావగారికి హెపటైటిస్-బి. వైద్యులు రోజూ ఒక మాత్ర వేసుకోమన్నారు. "కాలేయానికని ఇచ్చిన మందు కాలేయాన్నే తినెయ్యదని ఏమిటయ్యా నమ్మకం? చదువుకున్నవాడివి, చూసి చెప్పు" అన్నారు. చూశాను. అది ఉత్త భయం కాదు.

1993లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో ఇదే వ్యాధి ఉన్న 15 మందికి ఫియాలురిడిన్ అనే కొత్త మందు ఇచ్చి చూశారు. ఏడుగురికి కాలేయం పూర్తిగా చెడిపోయింది. వారిలో అయిదుగురు మరణించారు. కాలేయ మార్పిడి వల్ల ఇద్దరు బతికారు. అంతకుముందు చిట్టెలుకలకు, ఎలుకలకు, కుక్కలకు, కోతులకు ఇచ్చి చూసినప్పుడు ఈ ఆపద జాడే కనబడలేదు.

కారణం తరువాత తెలిసింది. ఆ మందు మన జన్యులిపిలోని ఒక అక్షరాన్ని పోలిన దొంగ అక్షరం. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలోకి దానిని చేరవేసే ద్వారం మనుష్యులకు ఉంది, చిట్టెలుకకు ఆ చోట లేదు. తలుపే లేని ఇంట్లో దొంగ ఎలా పడతాడు?

అందుకని శాస్త్రజ్ఞులు చిట్టెలుకలోనే మనిషి కాలేయాన్ని పెంచారు. 2007లో ఓరెగాన్ పరిశోధకులు చెప్పిన పద్ధతి ఇది. మూడు జన్యువులు పనిచేయని చిట్టెలుకను తీసుకుంటారు. ఒకటి లేనందువల్ల, కాపాడే మందు ఆపితే దాని సొంత కాలేయకణాలు నశిస్తాయి. మిగిలిన రెండూ లేనందువల్ల పరాయి కణాలను తరిమే శక్తి ఉండదు. ప్లీహంలోకి ఎక్కించిన మనిషి కణాలు కాలేయానికి చేరి, ఖాళీ అయిన చోట కాపురం పెడతాయి. కొన్నింటిలో కాలేయం 90 శాతం దాకా మనిషిదే అయింది.

2014లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, మరో విధంగా సిద్ధం చేసిన ఇలాంటి చిట్టెలుకలకు ఆ పాత మందే ఇచ్చారు. ఆనాటి రోగులలో కనబడిన లక్షణాలే వీటిలోనూ కనబడ్డాయి. మామూలు చిట్టెలుకలు ఎప్పటిలాగే ఉన్నాయి. ఈ పరీక్ష 1993కు ముందే ఉండి ఉంటే ఆ అయిదుగురూ దక్కేవారేమో. అయితే ఇది సర్వరోగ నికషం కాదు. రోగనిరోధక శక్తి లేని ప్రాణి గనుక, ఆ శక్తి మూలంగా కలిగే హానిని ఇది చూపలేదు.

ఇదంతా బావగారికి వివరించాను. మాత్ర వేసుకుంటున్నారు. చివర ఒక్క మాట అడిగారు: "ఆ పదిహేనుమందీ ఒప్పుకొని వెళ్ళినవాళ్ళు. మరి ఎలుకనెవరు అడిగారు?"

వ్యుత్పత్తులు చెప్పుకొని బతికినవాణ్ణి, సమాధానం తోచలేదు. దాని కాలేయం తీసి మన కాలేయం పెట్టాం, మన విషం దానిచేత తాగించాం. ఇక్కడ ముష్ ధాతువుకు కర్త ఎవరు?