వదిన జ్వరం

మా అమ్మకి ఫోన్ చేస్తే మొదటి పది నిమిషాలు ఊరి సంగతులు, తర్వాతి పది నిమిషాలు వదిన మీద ఫిర్యాదులు. పాతికేళ్లుగా ఇదే వరస. నేను ఒక చెవితో వింటూ కూరలు తరుక్కుంటూ ఉంటాను. రెండేళ్ల కిందట వేసవిలో మాత్రం ఫిర్యాదు కొత్తగా ఉంది.

"మీ వదిన ఈమధ్య పొద్దున్నే లేవట్లేదే. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు కాలుతోందని దుప్పటి కప్పుకుంటుంది. తెల్లారి చూస్తే ఏమీ ఉండదు. పని తప్పించుకునే జ్వరం" అంది.

దానికి నేనేమన్నానో రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. "యాభైకి దగ్గరపడింది కదమ్మా, ఆ వయసులో అలాగే ఉంటుందిలే. అయినా వదినకి కాస్త సుకుమారం ఎక్కువే" అన్నాను. ఎవరిని? ఆరు గేదెలకి మేత వేసి, పేడ తీసి, రెండు పూటలా పాలు పితికి కేంద్రానికి పోయించే మనిషిని. అన్నది ఎవరు? పనమ్మాయి ఒక్కరోజు రాకపోతే నడుం పట్టుకునే నేను.

ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలతో జ్వరం రెండు రోజులు తగ్గి మళ్లీ వచ్చింది. టౌన్లో టైఫాయిడ్ అన్నారు, సెలైన్లు పెట్టారు. తగ్గింది, మళ్లీ వచ్చింది. రాత్రుళ్లు జాకెట్టు తడిసిపోయేంత చెమట. నడుం నొప్పి, మోకాళ్ల నొప్పి. మనిషి సగమైపోయింది. ఇంకో డాక్టరుగారు రిపోర్టులన్నీ తిరగేసి, "ఏమీ లేదమ్మా, ఆలోచనలు తగ్గించుకో" అని నిద్రమాత్రలు రాశారు. ఇంక ఇంట్లో ఎవరూ ఆ జ్వరం గురించి అడగడం మానేశారు. వదిన కూడా చెప్పడం మానేసింది.

మా అమ్మాయి గన్నవరంలో వెటర్నరీ చదువుతోంది. దసరా సెలవులకి దాన్ని తీసుకుని ఊరెళ్లాను. అది వెళ్తూనే గొడ్లచావిట్లో చేరింది. వాళ్ల అత్తయ్య గేదెల గురించి చెప్పుకొస్తూంటే మధ్యలో ఆపి అడిగింది.

"అత్తయ్యా, ఈ ఏడు ఏ గేదైనా ఈసుకుపోయిందా?"

పట్నంలో పెరిగినవాళ్లకి తెలియకపోవచ్చు. పశువుకి కడుపు పోతే మా వైపు ఈసుకుపోయిందంటారు. వదిన ఆలోచించి చెప్పింది. "ఉగాదికి ముందు పెద్దగేదె, ఎనిమిదో నెల్లో. దూడ చచ్చి పడింది. మాయ పడకపోతే నేనే చెయ్యిపెట్టి తీశాను."

"గ్లౌజులు వేసుకున్నావా?"

వదిన నవ్వింది. జొన్నచొప్ప గీసుకుపోయిన చేతులు చూపించి, "ఇవేనమ్మా నా గ్లౌజులు" అంది.

మా అమ్మాయి నవ్వలేదు. ఆ సాయంత్రమే వాళ్ల మైక్రోబయాలజీ మేడంకి ఫోన్ చేసింది. మర్నాడు వదినని పెద్దాసుపత్రికి తీసుకెళ్లి, గేదె సంగతి డాక్టరుగారికి అదే చెప్పి, బ్రూసెల్లా పరీక్ష చేయించమని అడిగింది. ఉందని తేలింది.

నేను తెలుగు బీఏ దాన్ని. సైన్సు పదోతరగతితో సరి. ఆ రాత్రి నాకు అర్థమయ్యేటట్టు అది చెప్పిన మాటలే మీకూ చెబుతున్నాను. బ్రూసెల్లా అనేది ఒక బ్యాక్టీరియా. సూడి పశువు మాయలో చేరి విపరీతంగా పెరుగుతుంది. అందుకే నెలలు నిండకుండా దూడ పడిపోతుంది. పడిన దూడలో, మాయలో, ఉమ్మనీటిలో కోట్లకొద్దీ ఉంటుంది. తర్వాత పాలలో కూడా రావచ్చు. మనిషి చేతి మీద చిన్న గీరుడు ఉన్నా, పచ్చిపాలు తాగినా మనలోకి వస్తుంది. మనలోకి వచ్చాక మన కణాల్లోనే దాక్కుంటుంది. కాబట్టి జ్వరం వస్తూ పోతూ ఉంటుంది, కొద్దిరోజుల మందుకి లొంగదు. మలేరియా అనీ టైఫాయిడ్ అనీ పొరబడటానికి కారణం అదే.

వదినకి రెండు రకాల యాంటీబయాటిక్స్ కలిపి ఆరు వారాలు వాడమన్నారు. నయమైనట్టుందని మధ్యలో ఆపితే తిరగబెడుతుందని గట్టిగా చెప్పారు. ఒక మందువల్ల మూత్రం నారింజరంగులో వస్తుంది. అది చూసి వదిన హడలిపోతే మా అమ్మాయి ఫోన్లోనే ధైర్యం చెప్పింది.

ఆ ఆరు వారాల్లో ఈ జబ్బు కథంతా మా అమ్మాయి దగ్గర విడతలు విడతలుగా విన్నాను. మధ్యధరా సముద్రంలో మాల్టా అనే చిన్న దీవి. అక్కడ బ్రిటిష్ సైనికులు ఇలాంటి జ్వరంతోనే పడిపోతుంటే, 1887లో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు చనిపోయినవాళ్ల ప్లీహంలో ఈ క్రిమిని పట్టుకున్నాడు. ఆయన పేరే దానికి పెట్టారు. ఎలా వస్తోందో మాత్రం 1905 దాకా తెలియలేదు. ఆ దీవివాడే అయిన జమ్మిత్ అనే వైద్యుడు మేకలకి పరీక్ష చేస్తే, చూడటానికి నిక్షేపంలా ఉన్న మేకల్లోనే ఉంది. సైనికులకి పచ్చి మేకపాలు ఆపేశారు, జ్వరాలు తగ్గిపోయాయి.

నాకు బాగా గుర్తుండిపోయింది ఆలిస్ ఎవాన్స్ అనే ఆవిడ. అమెరికాలో స్కూలు టీచరుగా మొదలై బ్యాక్టీరియా పరిశోధనలోకి వచ్చింది. ఆవుల్లో గర్భం పోగొట్టే క్రిమి, మాల్టా మేకల క్రిమి దగ్గర చుట్టాలనీ, పచ్చి ఆవుపాలు మనుషులకి ప్రమాదమనీ 1917లో చెప్పింది. ఎవరూ నమ్మలేదు. ఆడది, పైగా పీహెచ్‌డీ లేదు. ఇంత ముఖ్యమైన సంగతి పెద్దపెద్ద వాళ్లకి తెలియకుండా ఈవిడకెలా తెలుస్తుందన్నారు. 1922లో ఆ క్రిమే ఆవిడకి సోకింది. ఇరవయ్యేళ్ల పాటు వస్తూ పోతూ బాధపెట్టింది. అప్పుడు డాక్టర్లు ఏమన్నారో తెలుసా? నరాల బలహీనత, అంటే అంతా మనసులోనే ఉందని. 1928లో అమెరికా బ్యాక్టీరియా శాస్త్రజ్ఞుల సంఘానికి మొదటి మహిళా అధ్యక్షురాలయింది. పాలు పాశ్చరైజ్ చేయాలన్న నియమాలు గట్టిపడటంలో ఆవిడ పాత్ర ఉంది.

"ఆలోచనలు తగ్గించుకో" అని నిద్రమాత్రలు రాసిన చీటీ గుర్తొచ్చి నాకు కళ్లు తిరిగినంత పనైంది. ఆ చీటీ రాసిన డాక్టరుకి నేనేం తీసిపోయాను?

వదిన సంగతి అలా ఉండగా, పశువుల డాక్టరుగారు వచ్చి ఆరు గేదెలకీ రక్తం తీశారు. ఆ పరీక్ష ఎలా ఉంటుందో మా అమ్మాయి చెప్పింది. రక్తం మీద తేరిన నీరు ఒక చుక్క, గులాబీరంగు మందు ఒక చుక్క గాజుపలక మీద కలిపి తిప్పుతారు. జబ్బు లేకపోతే నున్నగా ఉంటుంది. ఉంటే నాలుగు నిమిషాల్లోపే పాలు విరిగినట్టు పలుకులు కడుతుంది. మా ఆరింటిలో రెండు విరిగాయి. ఈసుకుపోయిన పెద్దగేదె ఒకటి, అన్నయ్య కిందటేడు లక్షా పదివేలు పెట్టి కొన్నది ఇంకొకటి.

పశువుకి దీనికి మందు లేదు. అన్నయ్య గుమ్మంలో కూలబడ్డాడు. పక్కింటాయన వచ్చి, "ఎవరికీ చెప్పకండి, సంతకి తోలేద్దాం, చూడటానికి బానే ఉన్నాయిగా" అన్నాడు. అన్నయ్య ఏమీ అనలేదు. అప్పు లెక్క వేసుకుంటున్నాడని మొహంలో తెలుస్తోంది. మా అమ్మ కూడా సంతే నయమంది.

లోపల మంచంమీద నుంచి వదిన లేచి వచ్చింది. "నా జ్వరం ఇంకో ఆడమనిషికి అమ్ముతారా?" అంది. అంతే. ఇంకెవరూ సంత మాట ఎత్తలేదు.

ఆ రెండింటినీ దూరంగా వేరే పాకలో కట్టేశారు, మళ్లీ చూలు కట్టించలేదు. ఆ ఏడు అన్నయ్యకి అప్పు తీరలేదు, ఇంకా కడుతున్నాడు. ఇది కథ కాదు కదా, చివర్లో డబ్బు తిరిగి రావడానికి.

దీనికి టీకా ఉంది. నాలుగు నెలల నుంచి ఎనిమిది నెలల లోపు ఆడదూడలకి జీవితంలో ఒక్కసారి వేస్తే చాలు. 2019 నుంచి గాలికుంటుతో పాటు దీనికీ కేంద్ర పథకం ఉంది, పైసా ఖర్చు లేదు. మా ఇంట్లో ఆ ఈడు దూడలు వచ్చిపోయాయి. ఎవరూ అడగలేదు, ఎవరూ వేయలేదు. ఇప్పుడు పడ్డదూడ పుడితే వదిన క్యాలెండర్ మీద గీత పెట్టుకుంటుంది.

ఇంకో మాట. మా నాన్న ఉన్నన్నాళ్లూ సెలవులకెళ్తే పిల్లలందరినీ పొదుగు దగ్గర నిలబెట్టి గుమ్మపాలు తాగించేవారు, బలమని. నురగతో గోరువెచ్చగా ఉండే ఆ రుచి నాకింకా గుర్తే. ఆ మాట అంత ముద్దుగా ఉంటుంది గానీ, ఆ పాలు నా మనవలకి మాత్రం పట్టను. పొంగు వచ్చేదాకా కాచిన పాలలో ఈ క్రిమి బతకదు. ఆ పాలతో తోడుపెట్టిన పెరుగుకీ భయం లేదు. పశువు ఈసుకుపోతే మాత్రం చేతులకి తొడుగు లేకుండా ముట్టుకోకండి, కాలవలో పారేయకండి, లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. ఇంట్లో ఎవరికైనా వదలని జ్వరముంటే పశువుల సంగతి డాక్టరుకి మీరే చెప్పండి. వాళ్లు అడగాలని గుర్తుండకపోవచ్చు.

సంక్రాంతికి వెళ్లేసరికి వదిన తేరుకుంది. అరిసెలు వత్తుతూ పక్కన కూర్చుని, అమ్మతో ఫోన్లో నేనన్న మాట చెప్పేశాను. దాచుకోవడం నావల్ల కాలేదు.

"తెలుసులే" అంది వదిన, పాకం చూస్తూ. "ఫోన్ స్పీకర్లో పెట్టే కదా మీ అమ్మ మాట్లాడేది."

ఎన్నాళ్ల నుంచి వింటోందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఇప్పుడు ఊరికి ఫోన్ చేస్తే ముందు వదినకే చేస్తున్నాను.