వార్సాలో కుబుష్ బండి

వార్సా నగరమునకు పోవువారందఱును పాతపట్టణపు రంగుల మేడలను చూచి తిరిగివత్తురు. మేమును మొదటిదినమున అదే చేసితిమి. యుద్ధమున నేలమట్టమైన ఆ పట్టణమును పాత చిత్తరువులను ముందిడుకొని మరల కట్టుకొనిరని విన్నపిదప మాత్రము, మేడలను విడిచి ఆ యుద్ధము జరిగిన తావులను చూడవలెనని మాకు బుద్ధిపుట్టెను. మఱునాడు పోవిశ్లే అను పేటకు పోతిమి.

విస్తులానది యొడ్డునగల పల్లపు పేట యిది. మెట్టమీద రాజవీథియు విశ్వవిద్యాలయమును. దిగువ పూర్వము పనివాండ్ర యిండ్లును విద్యుత్కేంద్రమును ఉండెడివి. ఆ కేంద్రపు కట్టడము నేడు అంగళ్ళతోను భోజనశాలలతోను నిండియున్నది. మెట్టనుండి నదికి దిగునది టామ్కా వీథి. బెజవాడ కొండప్రక్కలను ఎక్కిదిగిన సోదరీమణులకు ఆ వాలు లెక్కలోనిది కాదు గాని, మా మోకాళ్ళు మాత్రము ఆ సంగతి నొప్పుకొనలేదు.

వీథి దిగి నదిని చేరినచోట కత్తియెత్తిన మత్స్యకన్య విగ్రహము గలదు. లూద్వికా నిచోవా అను శిల్పిని 1939లో దీనిని నిలిపెను. దీనికి నమూనాగా నిలిచిన యువతి క్రిస్తినా క్రహెల్స్కా, కవితలల్లునది. 1944 ఆగస్టు 1వ తేదీన నగరము జర్మనులపై తిరుగబడినపుడు ఆమె గాయపడినవారికి కట్లుకట్టుచు తానే గుండుదెబ్బలు తిని, మఱునాడు ప్రాణములు విడిచెను. అప్పటికామె వయస్సు ముప్పది. విగ్రహమేమో యుద్ధమును దాటి నిలిచినది. మా వదినగారు చాలసేపు ఆ ముఖమునే చూచుచు నిలిచిపోయిరి.

తిరుగబడినవారు స్వదేశసైన్యమను రహస్యదళమువారు. వారిలో ప్రతివారికిని మాఱుపేరొకటి యుండెడిది. ఒకరు పట్టువడినను ఇంటివారికి ముప్పు రాకుండుటకై యీ యేర్పాటు. వారికి తుపాకులే చాలవు. ఇక ఇనుపకవచపు శకటములు ఎక్కడివి? విశ్వవిద్యాలయము జర్మనుల చేతనుండెను. మెట్టమీదినుండి వారు కాల్చుచుండ, పల్లమునుండి కాలినడకన దానిని పట్టుట దుర్ఘటము. కావున పోవిశ్లేలోని దళమువారు తామే యొక శకటమును చేసికొనదలచిరి.

సరకులు మోయు మూడుటన్నుల షెవర్లే లారీ యొకటి దొరకెను. వలేరియన్ బియెలెట్స్కి అను యింజనీరును, యూజెఫ్ ఫెర్నిక్ అను నాతడును పనివాండ్రతో టామ్కా ప్రాంతపు కర్మశాలలో పూనుకొనిరి. తీరికగా పటములు గీసికొను వ్యవధి లేదు. దొరకిన ఉక్కురేకులను కోసి, నడుమ సందు విడిచి, రెండు వరుసలుగా అతికిరి. మొదటిరేకును చీల్చిన గుండు రెండవదానియొద్ద బలము తగ్గవలెనని వారి యూహ. రేకులను ఏటవాలుగా నిలుపుటయు గుండు జాఱిపోవుటకే. విద్యుత్కేంద్రమును తిరుగబడినవారే పట్టుకొని సెప్టెంబరు మొదటివరకు నడపిరి. రెండువారములలోపల బండి సిద్ధమైనది. ఒక మరతుపాకిని, తమవారే చేసిన నిప్పుచిమ్ము యంత్రమును దానిలో నమర్చిరి.

దానికి 'కుబుష్' అని పేరిడిరి. మనయిండ్లలో 'చిట్టిబాబు' అనునట్టి మగపిల్లవాని ముద్దుపేరది. కాని అది నిజమునకు ఫెర్నిక్ భార్య మాఱుపేరు. ఆమె తిరుగుబాటు తొలిదినములలోనే మరణించినది. మనవారు క్రొత్తబండికి నిమ్మకాయలు గట్టి దేవుని పేరు వ్రాయింతురు. ఆ భర్త రాత్రింబవళ్ళు రేకులుకొట్టి, చేసిన బండిని పోయిన యిల్లాలి పేరుతో పిలుచుకొనెను.

మధ్యాహ్నము తిరుగుబాటు ప్రదర్శనశాలకు పోతిమి. పూర్వపు ట్రాము విద్యుత్కేంద్రములో 2004లో తెఱచిన దిది. ఇచటివారు చేయించిన కుబుష్ నమూనా కలదు. అసలుబండి యుద్ధానంతరము పోలండు సైన్య ప్రదర్శనశాలకు చేరినది. కోణములు కోణములుగా, మూతవేసిన ఇనుపపెట్టెవలె నున్నది. కిటికీలకు మాఱుగా సన్నని సందులు. అందు పదిమంది ఒదిగికూర్చుండి పోయిరన్నచో మాకు ఊపిరాడనట్లయ్యెను.

సాయంకాలము మరల టామ్కాకు వచ్చి, ఈమాఱు వాలునెక్కి నడచితిమి. ఆగస్టు 23న కుబుష్ విశ్వవిద్యాలయముపైకి పోయెను. తోడుగా, జర్మనులనుండి పట్టిన కవచశకట మొకటి వెడలెను. దాడి ఫలింపలేదు. రెండవబండి నాయకుడు తగిలిన గాయములచే మరణింపగా, అతని మాఱుపేరైన 'బూడిదరంగు తోడేలు' అనునదియే దానికి పేరయ్యెను. అట్లు ఆ రెండు బండ్లును చనిపోయినవారి పేర్లతోనే సెప్టెంబరు 2న మరల దాడికి పోయినవి, మరల విఫలమైనవి. 6వ తేదీకి పోవిశ్లే జర్మనుల వశమయ్యెను. అక్టోబరు 2న నగరమే లొంగినది. 63 దినములలో ఒకటిన్నర లక్షకు పైగా పౌరులు నశించిరి.

"ఇంతశ్రమపడి చేసినది రెండుమాఱులే పోయి, ఏమియు పట్టలేదు గదా" అని మావారనిరి. ఆ మాట నిజమే. ఆ లారీతో అన్నమునో నీళ్ళనో మోసియున్నచో మేలగునేమో యని మాకును తోచినది. మా వదినగారు ఒప్పుకొనలేదు. "ఆ మగడు ఆ దినములలో మఱేమి చేయుచు కూర్చుండవలెను?" అని అడిగిరి. మాకు బదులు తోచలేదు.

విశ్వవిద్యాలయపు ద్వారమును చేరునప్పటికి ప్రొద్దు వాలుచుండెను. మెట్లమీద ఆడపిల్లలు పుస్తకములు ఒడిలో నుంచుకొని ఏదో నవ్వుకొనుచుండిరి. మేమును వారి చెంతనే కొంతసేపు కూర్చుండి అలసట తీర్చుకొంటిమి.