డబ్బు వచ్చింది గాని...

బిడ్డను బడికి పంపే పేద తల్లికి ఏటా 15,000 రూపాయలిచ్చే 'అమ్మ ఒడి' 2020 జనవరిలో చిత్తూరులోనే ఆరంభమైంది. 2025లో 'తల్లికి వందనం' ఇంట్లో చదివే ప్రతి బిడ్డకూ వచ్చింది. బడి నిర్వహణకు 2,000 పోను 13,000 తల్లి ఖాతాకు.

గుర్రంకొండలో మా సంఘపు తల్లి ఒకామె ఆ డబ్బు వడ్డీకిచ్చినవానికి కట్టింది. మేము మందలించాము.

"అప్పు తీరకుంటే వీణ్ణి టమోటా కోతకు పంపాల్సిందే అయ్యగారూ" అన్నది. మాకు నోట మాట రాలేదు.

అయితే అయిదో తరగతి చదివే ఆ బిడ్డ ఆదివారపు బడిలో వాక్యము చదవలేక తల వంచుకున్నాడు. నూటికి 75 వంతుల హాజరుంటే పథకము డబ్బు ఇస్తుంది. చదవడం వచ్చిందా అని అడగదు. ఇప్పుడు సాయంత్రాలు మందిరపు అరుగు మీద వాణ్ణి మా పక్కన కూర్చోబెట్టుకుంటున్నాము. నిన్న బస్సు మీది 'గుర్రంకొండ' చదివాడు, ర వత్తు దగ్గర కాసేపు ఆగి.