నడుమునొప్పియు శస్త్రచికిత్సయు



ముదుసలి నడుము పట్టుకొని కూర్చుండినచో ఇంటిల్లిపాదియు నమ్ముదురు. 25 ఏండ్ల కోడలు నడుము పట్టుకొని కూర్చుండినచో నమ్మువారు అరుదు. "ఈ వయసులో నడుమునొప్పి ఏమిటమ్మా!" అను మాట నేను విన్నన్ని సారులు మఱియే మాటయు వినలేదు. నాకిప్పుడు 29 ఏండ్లు. నొప్పి మొదలై నాలుగేండ్లు గడచినవి. గడచిన సంవత్సరము శస్త్రచికిత్స చేయించుకొనవలెనా, మానవలెనా, చేయించుకొన్నచో ఏది చేయించుకొనవలెను అను ప్రశ్న నా యెదుట నిలిచినది. దానిని నేనెట్లు విప్పుకొంటినో చెప్పుటకే యీ వ్యాసము. నేను వైద్యురాలను కాను. పాఠశాలలో లెక్కలు చెప్పుదానను. కావున నా నిర్ణయము మీకు మందుచీటి కాదు. నేనడిగిన ప్రశ్నలు మాత్రము మీకు ఉపయోగపడవచ్చును.

మాది గోదావరి తీరమునందలి రాజమహేంద్రవరము. తెల్లవారుజామున లేచి వంట ముగించి, బస్సులో ముప్పావుగంట ప్రయాణము చేసి, దినమంతయు నిలుచుండి పాఠములు చెప్పి, సాయంకాలము మరల వంటయింట ప్రవేశించుట నా దినచర్య. మా అమ్మాయికి మూడేండ్లు. మొదట నొప్పి నడుమునందే యుండెడిది. గత వేసవిలో అది కుడి పిరుదునుండి పిక్క వరకు దిగి, నిప్పుతీగ లాగినట్లు బాధించినది. ఆయుర్వేదమున గృధ్రసి యనియు, ఇంగ్లీషు వైద్యమున సయాటికా యనియు దీనినే యందురు. ఎం.ఆర్.ఐ. తీయించగా, వెన్నులో అడుగు రెండు డిస్కులును ఎండినవనియు, వానిలో ఒకటి ఉబ్బి నరమును తాకుచున్నదనియు తేలినది.

ముగ్గురు వైద్యులను చూచితిమి. మొదటివారు ఆ రెండు చోట్లను మరలతోను కమ్ములతోను బిగించి, పూసలను ఒకదానితో ఒకటి అతికింపవలెననిరి. దీనినే ఫ్యూజను అందురు. రెండవవారు ఉబ్బిన ముక్కను మాత్రము తీసివేసిన చాలుననిరి. మూడవ వైద్యురాలు ఇప్పుడు కత్తితో పనిలేదనెను. ఒకే చిత్రమును చూచి ముగ్గురు మూడు మాటలు చెప్పిరి!

ఇంటిలో వచ్చిన మాటలు వేఱు. మా అత్తగారు "వెన్నులో కత్తి పెట్టించుకుంటే కాళ్ళు పడిపోతాయమ్మా" అనిరి. మా ఆడపడుచు "ఒక్కసారి కోయించేసుకో వదినా, పీడ విరగడవుతుంది" అనెను. ఒకరిది భయము, ఒకరిది ఆశ. ఇద్దరిదియు ప్రేమయే. కాని భయమును ఆశయు కూడ, ఏ శస్త్రచికిత్స, దేని కొఱకు అని యడుగవు. అసలు ప్రశ్న అదియే.

మన నడుమునందు అయిదు పూసలు కలవు. పూసకు పూసకు నడుమ మెత్తని బిళ్ళవంటి డిస్కు ఉండును. పైన గట్టిపొర, లోపల మెత్తని గుజ్జు. బూరెలు వేయునపుడు తోపు చిట్లి పూర్ణము వెలికి వచ్చుట మనమందఱము చూచినదే. డిస్కు చిట్లుటయు అట్టిదే. వెలికి వచ్చిన గుజ్జు ప్రక్కనున్న నరమును ఒత్తినపుడు నొప్పి కాలిలోనికి పాకును. ఈ సంబంధమును అమెరికాలోని బోస్టను నగరమున మిక్‌స్టరు, బార్ అను వైద్యులు 1934లో స్పష్టముగా ప్రకటించిరి. ఆ ముక్కను తీసివేయు శస్త్రచికిత్స నాటినుండి వ్యాపించినది. 1977 మొదలు సూక్ష్మదర్శిని సాయమున చిన్న గాటుతోనే చేయుట అలవడినది.

ఇందు మనము గమనింపవలసిన దొకటి కలదు. ఈ చికిత్స ప్రధానముగా కాలినొప్పికి మందు. నరముపైని ఒత్తిడిని తీయుటయే దాని పని. ఏండ్ల తరబడి నడుమునందే నిలిచియున్న మొండి నొప్పి దానివలన పోవునని నమ్మకముగా చెప్పలేరు. నాకు రెండు నొప్పులును కలవు. రెండింటిని ఒకటిగా లెక్కించి ఒకే జవాబు వెదకినచో లెక్క తప్పును.

కాలినొప్పికైనను తొందర యుండునా? నెదర్లాండ్సు దేశమున 283 మంది సయాటికా రోగులపై జరిపిన పరిశీలన 2007లో వెలువడినది. సగము మందికి వెంటనే శస్త్రచికిత్స నిర్ణయించిరి, తక్కినవారిని వేచియుండుమనిరి. వేచియుండుమన్నవారిలో నూటికి 39 మందికి తరువాత శస్త్రచికిత్స అవసరమైనది. త్వరగా చేయించుకొన్నవారికి నొప్పి త్వరగా తగ్గినది. కాని సంవత్సరము తిరుగునప్పటికి రెండు వర్గములందును నూటికి 95 మంది కోలుకొన్నామని చెప్పిరి. అనగా కత్తి యిచ్చునది చాలవరకు కాలమును. ఆ కాలము కొఱకు కత్తికి లోబడుట తగునా యనునది ఎవరికివారు తేల్చుకొనవలసినది. పసిబిడ్డను ఎత్తుకొనలేని తల్లికి ఆరు నెలలు చిన్న కాలము కాదు.

ఇక నడుమునొప్పికై పూసలను అతికించుట. ఇంగ్లాండు మొదలగు చోట్ల 349 మంది దీర్ఘకాల రోగులను రెండు వర్గములుగా చేసి, ఒకరికి ఫ్యూజను, ఒకరికి గట్టి వ్యాయామ శిక్షణ ఇచ్చిరి. ఆ శిక్షణ వారమునకు అయిదు దినములు చొప్పున మూడు వారములు సాగినది. 2005లో ప్రకటించిన ఫలితము నన్ను నిలువరించినది. రెండేండ్ల తరువాత చూడగా, శస్త్రచికిత్స శిక్షణకంటె మేలని చెప్పుటకు స్పష్టమైన ఆధారము దొరకలేదు. పూస జారిపోయినపుడును, విఱిగినపుడును అతికించుట అవసరము కావచ్చును. నాకట్టి దేదియు లేదు. 29 ఏండ్లకే రెండు కీళ్ళను కదలకుండ బిగించుకొన్నచో, వాని ప్రక్క కీళ్ళపై పడు భారమును నేనెంతకాలము మోయవలెను?

చిత్రమందు కనబడిన లోపమెల్ల నొప్పికి మూలము కాదు. 1994లో అమెరికాలో నడుమునొప్పి లేని 98 మందికి ఎం.ఆర్.ఐ. తీయగా, నూటికి 52 మందికి కనీసమొక డిస్కు ఉబ్బియే యున్నది! వారందఱును హాయిగా తిరుగుచున్నవారే. తల నెరసినట్లే డిస్కును ఎండును.

మూడవ వైద్యురాలు చిత్రమును ప్రక్కనుంచి నన్నే ప్రశ్నించెను. "తెల్లవారి లేచునపుడు నడుము చాలసేపు బిగిసియుండునా? విశ్రాంతి తీసికొన్నచో పెరిగి, తిరుగాడినచో తగ్గునా? సాయంకాలము జ్వరము వచ్చుచున్నదా? బరువు తగ్గితివా?" అని యడిగి రక్తపరీక్షలు చేయించెను. చిన్న వయసువారికి వచ్చు కొన్ని కీళ్ళవాతములు వెన్నులో దాగియుండును. వానికి మందులు వేఱు. మన దేశమున వెన్నుపూసల క్షయ ఇప్పటికిని కలదు. దానికిని ముఖ్యముగా మందులే. ఇట్టివి లేవని తేల్చుకొనకమునుపు కత్తి మాట యెత్తరాదని ఆమె చెప్పెను.

నేను శస్త్రచికిత్సకు శత్రువును కాను. మా పినతల్లి కూతురికి ఒక దినము నడచుచుండగా కాలిచెప్పు తనకు తెలియకయే జారిపోయినది. పాదము పైకి లేవదు. నరము బలము కోల్పోవుచున్నదని వైద్యులు కొలది దినములలోనే డిస్కు ముక్కను తీసివేసిరి. కాలినొప్పి మరునాడే పోయినది. పాదమునకు బలము నెలలమీద వచ్చినది. ఆమెకు వేచియుండుమనుట ద్రోహమే యయ్యెడిది. మూత్రము బిగియుట, లేక తెలియకయే జారుట, తొడల నడుమ మొద్దుబారుట, రెండు కాళ్ళును బలహీనమగుట కనబడినచో ఆ రాత్రియే ఆసుపత్రికి పోవలెను. సిగ్గుపడి ఈ లక్షణములను దాచు స్త్రీలు మనలో పెక్కురు. దయచేసి దాచకుడు.

ఇప్పుడొక మాట మనసు విప్పి చెప్పుచున్నాను. శస్త్రచికిత్స వైపు నా మనస్సును లాగినది నొప్పి యొక్కటియే కాదు. కనబడు గాయము లేని నొప్పికి ఇంటిలో విలువ లేదు. వీపుమీద కుట్లు పడినచో నన్నందఱును నమ్ముదురు, మూడు నెలలు బిందె ఎత్తనీయరు, పడక దగ్గఱకు కాఫీ తెత్తురు. కోయించుకొన్న కోడలికి మూడు నెలల విశ్రాంతి యిచ్చెడి యిల్లు, కోయించుకొనని కోడలికి దినమునకు ముప్పావుగంట వ్యాయామమున కియ్యదు! సోదరీమణులారా, మనలో ఎందఱు ఆ విశ్రాంతి కొఱకే కత్తికి తలయొగ్గుచున్నారో యాలోచింపుడు.

కావున వైద్యురాలితో మాటాడిన పిమ్మట ఇంటివారితో మాటాడితిని. మా వారిని, అత్తగారిని కూర్చుండబెట్టి చెప్పితిని: "నాకు ఆపరేషను సెలవు వద్దు. రోజూ పొద్దున్న ముప్పావుగంట ఇవ్వండి. మూడు నెలలు చూద్దాము. కాలు బలం తగ్గితే మాత్రం ఒక్కరోజు కూడా ఆగను, ముక్క తీయించుకుంటాను." అత్తగారు కొంతసేపు మాటాడలేదు. తరువాత "పిల్లకి నేను జడ వేస్తానులే" అనిరి. మా వారు ఉదయపు వంటలో సగము తమదిగా చేసికొనిరి.

ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామములు మొదటి రెండు వారములు కష్టముగనే యుండెను. పదవ వారమునకు కాలినొప్పి పోయినది. నడుమునొప్పి పూర్తిగ పోలేదు. పరీక్షల కాగితములు దిద్దిన రాత్రి అది నన్ను పలుకరించుచునే యుండును. కాని వారమునకు అయిదారు నొప్పి మాత్రలు మ్రింగుచుండిన నేను ఇప్పుడు నెలకు ఒకటి రెండుతో గడుపుచున్నాను. మోకాళ్ళు వంచి మా అమ్మాయిని ఎత్తుకొనగలుగుచున్నాను. రేపు కాలు బలహీనమైనచో కత్తికి వెనుదీయను. నొప్పి కొంత మిగిలినను బ్రదుకు సాగునని నేర్చుకొంటిని.

మీలో నెవరికైన ఇట్టి సమయము వచ్చినచో వైద్యుని ఈ మాటలడుగుడు. ఈ చికిత్స నా కాలినొప్పికా, నడుమునొప్పికా? చేయించుకొననిచో సంవత్సరమునకు నా స్థితి ఎట్లుండును? చేయించుకొన్నచో మరల వచ్చుట కలదా? వ్యాయామమును సరిగా చేసి చూచితిమా? రెండవ వైద్యుని అభిప్రాయము తీసికొనవచ్చునా? ఈ ప్రశ్నలకు ఓపికతో బదులు చెప్పువాని చేతిలోని కత్తికి భయపడ నక్కఱలేదు. విసుగుకొనువాని యొద్ద తొందరపడ నక్కఱలేదు. ఇంటిలోని పెద్దలారా, మీకును ఒక మనవి. మీ కోడలు నొప్పి యన్నపుడు కుట్లు పడువరకు ఆగక ఆమె మాటనే నమ్ముడు.