ఆటలో దొరికిన ఉక్కు

రసాయన శాస్త్రంలో మా అబ్బాయికి నూటికి 31 మార్కులు వచ్చిన రోజున, తప్పు ఎవరిదో తేల్చడానికి నాకు క్షణం కూడా పట్టలేదు. తప్పు వీడియో గేమ్‌ది. పదవ తరగతి పిల్లవాడు పుస్తకం ముందర పది నిమిషాలు కూర్చోలేడు. కంప్యూటరు ముందర మాత్రం ఆకలి కూడా మరచిపోతాడు. ఇకపై ఈ ఇంట ఆ ఆట సాగరాదని శాసించడానికే ఆ సాయంత్రం వాడి గదిలోకి వెళ్ళాను.

నేను నోరు తెరిచేలోపలే వాడు అడిగాడు: "నాన్నా, వూట్జ్ అంటే ఏమిటి?"

వాడు ఆడుతున్నది ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’. 2022లో వెలువడిన అనుబంధంతో అందులో ద్రావిడులు కూడా చేరారు. వారు ‘వూట్జ్ స్టీల్’ అనే విద్యను సాధిస్తే, వారి కత్తికి శత్రువు కవచం అడ్డు కాదట!

అనువాదమే వృత్తిగా గల నాకు, వచ్చిన పని మరచిపోవడానికి ఆ ఒక్క మాట చాలింది.

"అది మన మాటేరా! కన్నడంలోనూ తెలుగులోనూ ఉన్న ‘ఉక్కు’ ఇంగ్లీషువారి నోట పడి అలా మారింది."

వాడు ఆట ఆపాడు. ఆపమని నేను అనలేదు. "అయితే అది నిజంగా కవచాన్ని కోసేదా?" అన్నాడు.

ఆ రాత్రి ఇద్దరం పుస్తకాలు ముందు వేసుకున్నాం. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో కమ్మరులు చేసిన ఉక్కు కోసం పారశీక వర్తకులు వచ్చేవారు. ఇనుమును కట్టెముక్కలతో, ఆకులతో కలిపి మట్టి మూసలో పెట్టి, మూత బిగించి కాచేవారు. కట్టెలోని కర్బనం ఇనుములోకి చేరేది, దాదాపు 1.5 శాతం. ఆ ఉక్కు గుట్టు తెలుసుకోవాలని 1795లో జార్జ్ పియర్సన్, 1819లో మైకేల్ ఫారడే పరీక్షలు జరిపి ప్రకటించారు.

"మా పాఠంలోని ఫారడేనా?" అని వాడు ఆశ్చర్యపోయాడు. కాసేపు ఆలోచించి, "కవచం సంగతి మాత్రం ఆటవాళ్ళ అతిశయోక్తి" అని తానే తీర్పు చెప్పాడు.

ఆట వాడికి పాఠం చెప్పలేదు. ప్రశ్న ఒకటి చేతికిచ్చింది. పదేళ్ళుగా నేను వాడిని జవాబులే అడిగాను. నీ ప్రశ్న ఏమిటని ఒక్కనాడూ అడగలేదు.

పుదుచ్చేరి ఉప్పుగాలికి మా కిటికీ ఊచలు ఏటేటా తుప్పు పడతాయి. మరునాటి ఉదయం వాడు ఆ తుప్పును గోటితో గీకుతూ నిలబడ్డాడు.

"నాన్నా, సముద్రం పక్కన ఇనుము ఎందుకింత త్వరగా తుప్పు పడుతుంది?"

నాకు జవాబు తోచలేదు. రసాయన శాస్త్ర పుస్తకం వాడే వెళ్ళి తెచ్చాడు.